కోహిబా బెహికే: 4,000 సిగార్లు, చుట్టింది ఒక్కరే.. ‘లిమిటెడ్’ అన్న మాటకు అసలు అర్థమేంటి?

2006లో క్యూబా రాజధాని హవానాలోని ఎల్ లగీతో ఫ్యాక్టరీలో ఒక విచిత్రమైన పని జరిగింది. నోర్మా ఫెర్నాండెజ్ అనే కార్మికురాలు 4,000 సిగార్లు చుట్టారు. ఒక్కటి కూడా మరొకరు ముట్టుకోలేదు. వాటిని 40 చొప్పున 100 పెట్టెల్లో సర్ది, ప్రతి పెట్టెకూ ఒక నంబరు వేశారు. ఒక్కో పెట్టె ధర సుమారు 15 వేల యూరోలు. అంటే ఒక్క సిగార్ 375 యూరోలు.

కోహిబా బ్రాండ్‌కు 40 ఏళ్లు నిండిన సందర్భంగా తెచ్చిన ఈ సిగార్ పేరు బెహికే. క్యూబా మూలవాసులైన టైనో ప్రజల భాషలో బెహికే అంటే పూజారి, వైద్యుడు. పొగ తాగుతూ దేవతలతో మాట్లాడే మనిషి. కోహిబా కూడా వాళ్ల మాటే. చుట్టిన పొగాకు ఆకుల కట్టను అలా పిలిచేవారు.

ఈ 4,000 సిగార్లు అమ్ముడుపోవడానికి పెద్దగా సమయం పట్టలేదు. కానీ వాటితో ఒక ప్రశ్న మాత్రం మిగిలింది. ఆ 375 యూరోల్లో పొగాకు రుచికి ఎంత, ‘ఇంకెవరికీ దొరకదు’ అన్న తృప్తికి ఎంత?

‘లిమిటెడ్’ ఒకటి కాదు, మూడు

పరిమిత విడుదల అనగానే అన్నీ ఒకే రకం అనుకుంటారు. క్యూబా సిగార్లలో ఈ మాటకు కనీసం మూడు అర్థాలున్నాయి.

మొదటిది లెక్కతో వచ్చే పరిమితి. 2006 బెహికే అలాంటిదే. ఇన్నే చుడతాం, ఆ తర్వాత ఉండదు అని ముందే తేల్చేస్తారు. ఇది పూర్తిగా మనిషి పెట్టుకున్న గీత. 4,000 బదులు 8,000 చుట్టాలనుకుంటే చుట్టవచ్చు.

రెండోది ఏడాదికోసారి వచ్చే ‘ఎడిసియోన్ లిమిటాడా’ వరుస. హబానోస్ సంస్థ 2000లో దీన్ని మొదలుపెట్టింది. పేరున్న బ్రాండ్లలో మామూలుగా దొరకని సైజులో ఒక సిగార్‌ను ఆ ఏడాదికి మాత్రమే తెస్తారు. మొదట్లో పైఆకును మాత్రమే రెండేళ్లు నిల్వ ఉంచేవారు. 2007 నుంచి లోపలి ఆకులన్నీ కూడా కనీసం రెండేళ్లు ఊరినవే వాడుతున్నారు. మామూలు బ్యాండ్ కింద నలుపు, బంగారు రంగుల్లో ఇంకో బ్యాండ్, దాని మీద సంవత్సరం కనిపిస్తే అది ఈ రకం. ఇక్కడ పరిమితికి కొంత ఆధారం ఉంది. నిల్వకు సమయం పడుతుంది, సమయాన్ని ఎవరూ ఫ్యాక్టరీలో తయారుచేయలేరు.

మూడోది అన్నిటికంటే ఆసక్తికరమైనది. 2010లో బెహికే పేరుతోనే మళ్లీ మూడు సైజులు వచ్చాయి. బీహెచ్‌కే 52, 54, 56. ఇవి ఒక్క ఏడాదితో ఆగిపోయేవి కావు. కానీ ఎన్ని చుట్టాలన్నది కంపెనీ కంటే మొక్కే ఎక్కువ నిర్ణయిస్తుంది.

మొక్క తలమీద రెండు ఆకులు

పొగాకు మొక్కలో కింది ఆకుకూ పై ఆకుకూ చాలా తేడా ఉంటుంది. కింది ఆకులు నీడలో పెరుగుతాయి, పలుచగా ఉంటాయి, సులువుగా మండుతాయి. వీటిని క్యూబాలో వోలాదో అంటారు. మధ్య ఆకులు సెకో. వాసన ప్రధానంగా వీటిదే. పైకి వెళ్లేకొద్దీ ఎండ నేరుగా తగులుతుంది కాబట్టి ఆకు మందంగా, జిగురుగా, ఘాటుగా తయారవుతుంది. అది లిగేరో. సిగార్ ‘మిశ్రమం’ అంటే ఈ మూడింటినీ ఏ పాళ్లలో కలపాలన్న లెక్కే.

కొన్ని మొక్కలకు మాత్రం లిగేరోకు కూడా పైన, కొసన, రెండు చిన్న ఆకులు వస్తాయి. దాన్ని మేదియో తియెంపో అంటారు. అన్ని మొక్కలకూ రావు. ఏ ఏడాది ఎన్ని వస్తాయో ముందు చెప్పలేరు. 2010 నాటి బెహికేకు ఈ ఆకే ప్రత్యేకత. ఆకు తక్కువ దొరికిన ఏడాది సిగార్లూ తక్కువే.

ఈ పొగాకు పండేది క్యూబా పశ్చిమాన పినార్ దెల్ రియో రాష్ట్రంలో, వుయెల్తా అబాహో అనే ప్రాంతంలో. సాన్ హువాన్ ఇ మార్తినెస్, సాన్ లూయిస్ అనే రెండు ఊళ్ల చుట్టుపక్కల ఎర్రమట్టి పొలాలు సిగార్ ప్రపంచానికి కోనసీమ లాంటివి. లోపల నింపే ఆకును ఎండలో పెంచుతారు. పైన చుట్టే ఆకును పలుచని గుడ్డ పందిళ్ల కింద, నునుపుగా, ఈనెలు సన్నగా ఉండేలా పెంచుతారు.

కోసిన ఆకును పాకల్లో తోరణాలుగా వేలాడదీసి గాలికి ఆరబెడతారు. తర్వాత కుప్పలుగా పేర్చి పులియబెడతారు. కుప్ప లోపల వేడి పుడుతుంది, అమ్మోనియా బయటికి పోతుంది, పచ్చి ఘాటు తగ్గుతుంది. మిగతా బ్రాండ్లకు రెండుసార్లతో సరిపెడితే, కోహిబాలో సెకో, లిగేరో ఆకులను మూడోసారి చెక్క పీపాల్లో పులియబెడతారు. కోహిబా పొగ నాలుకను గీరదని చెప్పేవాళ్లు చూపించే మొదటి కారణం ఇదే.

ఇక్కడ తెలుగు పాఠకులకు ఒక సందేహం రావచ్చు. ఒంగోలు, గుంటూరు వైపు పండే పొగాకుతో ఇలాంటి సిగార్ ఎందుకు చుట్టరు? ఎందుకంటే అది వేరే జాతి పని. వర్జీనియా పొగాకును బ్యారన్లలో వేడి పెట్టి కొద్ది రోజుల్లోనే పండబెడతారు. ఆకులోని చక్కెర అలాగే నిలిచిపోతుంది. దాని పొగ కాస్త ఆమ్ల గుణంతో ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి పీల్చడానికి వీలవుతుంది. అందుకే అది సిగరెట్ పొగాకు. గాలికి ఆరి, పులిసిన సిగార్ పొగాకులో చక్కెర దాదాపు ఉండదు, పొగ క్షార గుణంతో ఉంటుంది. లోపలికి పీలిస్తే గొంతు పట్టేస్తుంది. గోదావరి లంక పొగాకు ఈ రెండో రకానికే దగ్గరి చుట్టం. ఘాటైన చుట్టకు లంక పొగాకు పేరు ఊరికే రాలేదు.

భారత్‌లో సిగార్ పైఆకుకు తగిన పొగాకు పశ్చిమ బెంగాల్‌లోని దిన్‌హాటా ప్రాంతంలో, లోపలి ఆకుకు తగినది తమిళనాడులోని వేదసందూర్ వైపు పండుతుంది. ఒకప్పుడు తిరుచిరాపల్లి చుట్టలు బ్రిటన్ దాకా వెళ్లాయి. ఇంగ్లిష్‌లోని ‘చెరూట్’ అన్న మాట కూడా తమిళ ‘చురుట్టు’ నుంచి వెళ్లిందే.

రుచి చూడటం ఎక్కడ మొదలవుతుంది?

అగ్గి పెట్టకముందే మొదలవుతుంది. అనుభవం ఉన్నవాళ్లు ముందు సిగార్‌ను వేళ్లతో మెల్లగా నొక్కి చూస్తారు. ఎక్కడైనా రాయిలా గట్టిగా ఉంటే అక్కడ పొగ ఆగుతుంది. మరీ మెత్తగా ఉంటే అక్కడ వేడెక్కి త్వరగా కాలిపోతుంది. పైఆకు నూనె రాసినట్టు సన్నగా మెరవాలి. బెహికే కొసన ఆకును చిన్న పిలకలా మెలితిప్పి వదిలేస్తారు. చేతిపనికి అదొక సంతకం.

సైజు లెక్క కూడా ఇక్కడే తెలుసుకోవాలి. సిగార్ మందాన్ని అంగుళంలో 64వ వంతుల్లో కొలుస్తారు. 52 అంటే 52/64 అంగుళాలు, సుమారు 20.6 మిల్లీమీటర్లు. బీహెచ్‌కే 52 పొడవు 119 మిల్లీమీటర్లు, 54 పొడవు 144, 56 పొడవు 166. మందం పెరిగితే ఘాటు పెరుగుతుందన్నది అపోహ. మందమైన సిగార్‌లో ఎక్కువ రకాల ఆకులు పడతాయి, పొగ కాస్త చల్లగా వస్తుంది. సన్నని సిగార్‌లో పైఆకు వాటా ఎక్కువ కాబట్టి దాని రుచే పైకి తేలుతుంది.

తర్వాత మూత భాగాన్ని కొద్దిగా కత్తిరిస్తారు. ఎక్కువ కోస్తే పైఆకు మొత్తం విప్పుకుంటుంది. వెలిగించకుండానే ఒకసారి పీల్చి చూస్తారు. ఎండుగడ్డి, పాత చెక్కపెట్టె, కొన్నిసార్లు కోకో వాసన తగులుతుంది. వెలిగించేటప్పుడు మంటను ఆకుకు తాకించరు. దూరం నుంచే సెగ చూపిస్తూ, తిప్పుతూ, అంచంతా సమానంగా ఎర్రబడేలా చేస్తారు. పెట్రోల్ వాసన వచ్చే లైటర్ వాడితే మొదటి పది నిమిషాలు ఆ వాసనే రుచి.

పొగను నోట్లోనే ఉంచుకుని వదలాలి. నిమిషానికి ఒక దమ్ము చాలు. తొందరపడితే నిప్పు వేడెక్కి రుచి చేదుగా మారుతుంది. కొందరు కొద్దిపాటి పొగను ముక్కు ద్వారా వదులుతారు. అలవాటు లేనివారికి కళ్లలో నీళ్లు తిరుగుతాయి గానీ, వాసనల తేడా బాగా తెలిసేది అక్కడే. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి మాత్రమే. తోలు, కాఫీ, మిరియాలు, తడిమట్టి అంటూ రుచి చూసినవాళ్లు రాసేవన్నీ నిజానికి ముక్కు పని.

ఈ మాటలను చూసి నవ్వేవాళ్లున్నారు. అన్నీ కల్పన కాదు. దేవదారు వాసన అని రాస్తే దానికి కారణం చాలాసార్లు పెట్టెలోనే ఉంటుంది. సిగార్లను నిల్వ చేసే ‘స్పానిష్ సీడార్’ నిజానికి దేవదారు కాదు, మన వేప కుటుంబానికి చెందిన చెట్టు. అయితే ‘మూడో భాగంలో తెల్ల ట్రఫుల్, పాత పుస్తకాల అట్ట’ లాంటి వర్ణన చదివినప్పుడు మాత్రం, రాసినవారికి ముందే ధర తెలుసా అని అడగాలి. బ్యాండ్ తీసేసి, పేరు చెప్పకుండా రుచి చూపించే పద్ధతి అందుకే ఉంది. పేరు తెలియనప్పుడు అరుదైన సిగార్ ప్రతిసారీ గెలవదు.

సిగార్‌ను మూడు భాగాలుగా చూడటం రివాజు. మొదటి భాగంలో రుచి తేలికగా ఉంటుంది. రెండో భాగంలో మిశ్రమం అసలు రూపం బయటపడుతుంది. బెహికేలో మేదియో తియెంపో బరువు తెలిసేది ఇక్కడేనని అంటారు. ఘాటు ఉంటుంది, గరుకు ఉండదు. మూడో భాగంలో ఘాటు ఎందుకు పెరుగుతుందంటే, పొగ అప్పటిదాకా మిగిలిన ఆకుల గుండా వడగట్టుకుంటూ వచ్చింది. తారు, నికోటిన్ వెనక భాగంలో పేరుకున్నాయి. ఇప్పుడు కాలుతున్నది ఆ భాగమే. పైగా నిప్పు నోటికి దగ్గరైంది. డబ్బులు పెట్టాం కదా అని పీక దాకా కాల్చడంలో అర్థం లేదు. పక్కన పెట్టేస్తే అదే ఆరిపోతుంది. సిగరెట్‌లా నలిపితే గదంతా కంపు.

భారత్‌లో కొన్న సిగార్ రుచి తేడాగా ఉంటే తప్పు చుట్టినవాళ్లది కాకపోవచ్చు. సిగార్‌కు 65 నుంచి 70 శాతం గాలి తేమ, 16 నుంచి 18 డిగ్రీల చల్లదనం కావాలి. మే నెలలో హైదరాబాద్‌లో అల్మారాలో పెడితే ఎండి పైఆకు చిట్లుతుంది. ముంబయి, చెన్నై తేమలో బూజు పడుతుంది. అంతకంటే పెద్ద శత్రువు పొగాకు గోదాముల్లో కనిపించే చిన్న గోధుమరంగు పెంకుపురుగు. ఆకులో గుడ్లు ముందే ఉంటాయి, వేడి తగలగానే పొదుగుతాయి. ఒక్క పురుగు పెట్టె మొత్తాన్ని సూదితో పొడిచినట్టు తూట్లు చేస్తుంది.

ధర ఎవరు పెంచారు?

కోహిబా పుట్టినప్పుడు దానికి ధరే లేదు. 1960ల్లో ఫిడెల్ కాస్ట్రో తన అంగరక్షకుడు కాలుస్తున్న సిగార్‌ను రుచి చూసి, అది చుట్టిన ఎడ్వర్డో రివేరా గురించి ఆరా తీశారని చెబుతారు. అలా మొదలైన సిగార్లు తొలి రోజుల్లో కాస్ట్రోకు, విదేశీ అతిథులకు మాత్రమే వెళ్లేవి. 1966లో బ్రాండ్‌గా మొదలైంది. బయటి మార్కెట్లో అమ్మకాలు మొదలైంది 1982లో. అంటే అరుదుగా దొరకడం అన్నది కోహిబాకు మార్కెటింగ్ కంటే ముందే ఉంది.

ఇప్పుడు అది పూర్తిస్థాయి వ్యాపారం. హబానోస్‌లో సగం వాటా క్యూబా ప్రభుత్వానిది. మిగతా సగం బ్రిటన్‌కు చెందిన ఇంపీరియల్ బ్రాండ్స్ నుంచి 2020లో కొత్త పెట్టుబడిదారుల చేతికి వెళ్లింది. 2022లో కోహిబా, ట్రినిడాడ్ బ్రాండ్ల ధరలను ప్రపంచమంతటా హాంకాంగ్ స్థాయికి పెంచారు. యూరప్‌లో కొన్ని సైజుల ధర రాత్రికి రాత్రి రెట్టింపు దాటింది. ఏళ్ల తరబడి కోహిబా కాల్చిన యూరప్ వాడుకరులు చాలామంది వేరే బ్రాండ్లకు మారిపోయారు.

అదే ఏడాది సెప్టెంబరులో ఇయాన్ తుపాను పినార్ దెల్ రియోను తాకింది. పొగాకు ఆరబెట్టే పాకలు వేల సంఖ్యలో కూలిపోయాయి. ఆకు తగ్గింది, సిగార్లు తగ్గాయి. హబానోస్ ఆదాయం మాత్రం తగ్గలేదు. 2024లో అది 827 మిలియన్ డాలర్లకు చేరింది. అదే ఏడాది హవానా ఉత్సవంలో ఒక కోహిబా పెట్టెను 40 లక్షల యూరోలకు పైగా పెట్టి వేలంలో కొన్నారు. ఆ వేలం డబ్బు క్యూబా ప్రజారోగ్య వ్యవస్థకు వెళ్తుంది. పొగాకు సొమ్ముతో ఆస్పత్రులు నడపడం అన్నది క్యూబాకు కొత్తేమీ కాదు.

ధర ఎక్కడ ఉంటే నకిలీ అక్కడ ఉంటుంది. కోహిబా పేరుతో గాజు మూత ఉన్న పెట్టె ఎవరైనా చూపిస్తే ఇక రెండో ఆలోచన అక్కర్లేదు, అది నకిలీ. బెహికే బ్యాండ్‌పై హోలోగ్రామ్ ఉంటుంది, పెట్టెకు పది సిగార్లే ఉంటాయి. ‘ఫ్యాక్టరీలో మా బంధువు పనిచేస్తాడు’ అంటూ హవానా వీధుల్లో చౌకగా అమ్మేవాటిలో చాలావరకు ఇళ్లల్లో చుట్టినవే.

అమెరికాలో దొరికే కోహిబాది ఇంకో కథ. అది క్యూబాది కాదు. అక్కడ ఆ పేరును వేరే కంపెనీ నమోదు చేసుకుంది. దానిపై క్యూబా 1997 నుంచి పోరాడుతూనే ఉంది. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు దుబాయ్ మీదుగా వెళ్తూ డ్యూటీ ఫ్రీలో క్యూబా సిగార్లు కొని తీసుకెళ్లడం కూడా కుదరదు. ఒబామా హయాంలో ఇచ్చిన సడలింపును 2020 సెప్టెంబరులో రద్దు చేశారు. అసలు 1962లో క్యూబాపై ఆంక్షల ఉత్తర్వుపై సంతకం చేసే ముందు, అధ్యక్షుడు కెనెడీ తన కోసం 1,200 క్యూబా సిగార్లు తెప్పించుకున్నారని ఆయన పత్రికా కార్యదర్శి పియర్ సాలింజర్ తర్వాతి రోజుల్లో చెప్పారు.

లోపలికి పీల్చకపోతే ప్రమాదం లేదా?

సిగార్ గురించి తరచూ వినిపించే భరోసా ఇదే. ఇది నిజం కాదు. క్షార గుణం ఉన్న పొగలోని నికోటిన్‌ను నోటి లోపలి పొరే నేరుగా పీల్చుకుంటుంది. ఒక పెద్ద సిగార్‌లో ఉండే పొగాకు ఒక సిగరెట్ ప్యాకెట్ మొత్తంలో ఉండే పొగాకుతో సమానం కావచ్చు. ఖాళీ కడుపుతో ఘాటైన సిగార్ కాల్చినవారికి చెమటలు పట్టి, తల తిరిగి, వాంతి రావడం నికోటిన్ ఎక్కువైందనడానికి గుర్తే. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్ల ముప్పు సిగార్‌తో పెరుగుతుందని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1998లోనే ప్రత్యేక నివేదిక ఇచ్చింది. రుచిలో ఎంత తేడా ఉన్నా, ఈ విషయంలో బెహికేకూ బడ్డీకొట్టు చుట్టకూ తేడా లేదు.

పొగ నోట్లోనే ఆగితే ఏమవుతుందో ఉత్తరాంధ్రకు బయటివాళ్లు చెప్పనక్కర్లేదు. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఉంది. అదే ‘అడ్డపొగ’. మహిళల్లో ఎక్కువ. 1971లో ప్రచురితమైన ఒక అధ్యయనం కోసం పరిశోధకులు 10,169 మంది గ్రామస్తుల అంగిళ్లను పరీక్షించారు. అడ్డపొగ వల్ల అంగిట్లో వచ్చే మచ్చలు, పుండ్లు, క్యాన్సర్ గురించి ప్రపంచ దంతవైద్య పుస్తకాల్లో ఉన్న సమాచారంలో చాలాభాగం ఆ గ్రామాల నుంచి వెళ్లిందే.

కోహిబా ఎవరి కోసం పుట్టిందో ఆ కాస్ట్రో కూడా 1985లో సిగార్ మానేశారు. దేశంలో పొగ వ్యతిరేక ప్రచారం మొదలుపెడుతూ తానే ముందు నిలబడాలనుకున్నారు. 2010లో బెహికే మూడు సైజులూ హవానాలో విడుదలయ్యేటప్పటికి ఆయన చుట్ట ముట్టక పాతికేళ్లు కావస్తోంది.

భారత్‌లో సిగార్లు అమ్మడం నేరం కాదు గానీ ప్రకటనలు ఇవ్వడం నిషిద్ధం. సిగార్ల తయారీలో విదేశీ ప్రత్యక్ష పెట్టుబడికి అనుమతి లేదు. విదేశం నుంచి వచ్చే ప్రయాణికులు సుంకం లేకుండా 25 సిగార్ల వరకు తెచ్చుకోవచ్చు. దుకాణంలో అమ్మే దిగుమతి సిగార్లకు కూడా 2016 నుంచి ప్యాకెట్‌పై 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలి. నల్లగా మెరిసే బెహికే పెట్టెకూ అదే నిబంధన.